ఇలా అంటే ఎలా?

క్రేన్ శిక్షణ తరగతిలో అందరూ ఆమెను జిరాక్సు అని పిలిచేవారు. సారు నోరు విప్పితే చాలు, తల దించి పొల్లు పోకుండా రాసేసేది. మధ్యాహ్నం పరీక్ష. ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే క్రేన్ ఎక్కే యోగం లేనట్టే.

"నీ నోట్సు చదువు, వింటా," అంది పొద్దున్నే ఇంట్లో వదిన.

"చెయ్యి ఇలా తిప్పితే బరువు పైకి. ఇలా తిప్పితే కిందికి. ఇలా మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు."

"ఇలా అంటే ఎలాగే?"

జిరాక్సు గబగబా పేజీలు తిప్పింది. కింద నిలబడి క్రేన్ నడిపేవాళ్ళకి చేసే సైగలను సారు చూపిస్తున్నంతసేపూ ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. నోట్సు నిండా 'ఇలా'లే!

"భలేదానివే! పెళ్ళికెళ్ళి పెళ్ళికొడుకుని చూడకుండా వచ్చావు," అని వదిన పడీ పడీ నవ్వింది. "మరి పుస్తకం?"

"మొత్తం చదివాను వదినా!"

తెరిస్తే ప్రతి వాక్యానికీ పసుపు రంగు. సైగల బొమ్మలున్న పేజీలు మాత్రం విప్పని చీరలా మడత నలగకుండా ఉన్నాయి.

"బొమ్మ చూడు. పుస్తకం ముయ్యి. చేసి చూపించు. గుర్తురానిదొక్కటే రాసుకో."

ఇక క్రేన్ కావాలి. తల తుడుచుకుంటూ వచ్చిన అన్నయ్యను బల్ల ఎక్కించి, చేతికి దిండు ఇచ్చారు.

"నాకు ఆఫీసుకి టైమవుతోందే!"

"క్రేన్లు మాట్లాడవు," అంది వదిన.

జిరాక్సు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది. దిండు లేచింది. వేలు కిందికి దించి తిప్పింది. దిండు దిగింది, అన్నయ్య కూడా దిగబోయాడు. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. తరవాత వదిన సైగ చేస్తే జిరాక్సే క్రేన్ అయింది. తడబడిన చోటల్లా ఓ పుల్లమనిషి బొమ్మ గీసుకుంది. అంత లావు నోట్సూ అరపేజీ బొమ్మలకు దిగింది.

మధ్యాహ్నం క్రేన్ క్యాబిన్‌లో కూర్చుంది. కింద సారు వేలు తిప్పారు. సిమెంటు దిమ్మ గాల్లోకి లేచింది. అంతలో సారు వెనక గేటు దగ్గర వాచ్‌మన్ రెండు చేతులూ బార్లా చాపాడు. జిరాక్సు టక్కున ఆపేసింది.

"ఎవరాపమన్నారు?" సారు గర్జించారు.

"వాచ్‌మన్ సార్! చేతులు రెండూ చాపితే వెంటనే ఆపాలి. ఎవరు చాపినా సరే!"

సారు వెనక్కి తిరిగారు. వాచ్‌మన్ ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా ఆవలిస్తున్నాడు.

మైదానమంతా గొల్లుమంది. సారు మీసాల చాటున నవ్వు ఆపుకోలేక కలం తీశారు.

"ఆవలింతకే ఆపింది. ఇంక ప్రమాదానికి ఆపదా? పాస్!"