అల్మరాలో అక్క

కింద పడిన పెన్సిలును ఎవరు తీయవలెనన్నది మానవజాతి నేటికీ తేల్చుకోలేకపోయిన ధర్మసందేహాలలో ఒకటి. పడేసినవారే తీయాలని ఒక వాదం, దగ్గరున్నవారు తీయాలని మరొక వాదం. ఎందరో తర్కించి తర్కించి ఎటూ తేల్చక లేచిపోయిన ఈ సమస్యను ఆ బడిలోని సహాయక టీచరు ఒంటిచేత్తో పరిష్కరించింది. పెన్సిలు నేలను తాకకముందే ఆమె దాన్ని పట్టుకునేది.

ఆమె కనిపెట్టుకుని ఉండేది ఒక్క పిల్లనే. తరగతిలో అందరూ ఆ పిల్లను దొరసాని అనేవారు. చక్రాల కుర్చీకి వెన్ను ఆన్చి, గడ్డం కాస్త పైకెత్తి లోకాన్ని పరికించే ఆ తీరుకు వేరే పేరు అతకదు. చేతులు చెప్పిన మాట ఆలస్యంగా వింటాయి, నాలుక అసలే వినదు. బుర్ర మాత్రం పాదరసం. ఆమెకు అర్థం కానిదంటూ లేదు. అర్థమైనదాన్ని బయటపెట్టే దారే ఇరుకు.

ఆ దారిని వెడల్పు చేయడానికి కుర్చీకి ఒక మాటలపెట్టె బిగించారు. దానినిండా బొమ్మలున్న మీటలు. ఒక్కో మీట నొక్కితే ఒక్కో మాట పలుకుతుంది. పలికే గొంతు పిల్లలంతా అక్క అని పిలిచే సహాయక టీచరుదే. "మంచినీళ్ళు", "వద్దు", "నవ్వొస్తోంది" వంటి ఆ మాటలన్నిటినీ ఆమె పట్టాభిషేక ప్రకటన చదువుతున్నంత గంభీరంగా రికార్డు చేసింది.

చేసిందన్నమాటే గాని, పెట్టె నోరు విప్పిన పాపాన పోలేదు. దాహం పుట్టకముందే నీళ్ళసీసా పెదవుల దగ్గరికి వచ్చేది. ఈగ వాలాలని అనుకునేలోపే విసనకర్ర లేచేది. కోరికకు పుట్టేందుకే వ్యవధి లేనప్పుడు మీట నొక్కే అగత్యమేముంది?

ఏ పిల్లకు ఎంత ఆసరా కావాలో, దాన్ని ఎప్పుడు తగ్గించాలో నిర్ణయించే ప్రత్యేక విద్య టీచరు ఒకనాడు తల పట్టుకుంది.

"తల్లీ, నువ్వా పిల్లకి చేతులిస్తున్నావు, నోరు లాగేసుకుంటున్నావు."

"పడిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా మేడమ్?"

"పడేది పెన్సిలమ్మా, పిల్ల కాదు."

"ఇవాళ పెన్సిలే అంటారు..."

"నీ ఉద్యోగమేంటో తెలుసా? నీ అవసరం లేకుండా చెయ్యడం!"

దీపం వెలిగించినవాణ్ణే చీకట్లోకి పొమ్మన్నట్టుందని సహాయక టీచరు మూతి ముడుచుకుంది. కాని మేడమ్ కోపానికి కారణముంది. మరునాడు పై అధికారి వస్తున్నాడు. పక్కన ఎవరి ఆసరా లేకుండా దొరసాని తనంతట తాను ఒక్క మాటైనా చెబితే తోటిపిల్లలతోపాటు పై తరగతికి వెళ్తుంది. చెప్పకపోతే వరండా చివరనున్న ప్రత్యేక గదికి ఒంటరిగా వెళ్తుంది. ఆ గదిలో బొమ్మలకు కొదవలేదు, స్నేహితులకే కరువు.

"రేపు నువ్వు తరగతి గది ఛాయలకి రాకూడదు" అంది మేడమ్.

"రానండి" అంది సహాయక టీచరు.

మాట తప్పే మనిషి కాదామె. అయితే ముందునుంచీ లోపలే ఉన్నవాళ్ళు కొత్తగా వచ్చేదేముంటుంది? ఈ సూక్ష్మం ఆమెకు రాత్రికి రాత్రి బోధపడింది. పొద్దున్నే గేటు దగ్గర అధికారికి ఎదురేగి, "నమస్కారమండీ, మా పిల్లతో కాస్త నిదానంగా మాట్లాడండి, కుడివైపు నుంచి అడగండి, కళ్ళలోకి చూసి అడగండి" అని ఆయన ఊపిరి తీసుకునేలోపు ఉపనిషత్తంతా వినిపించింది. ఆయన హెడ్మాస్టరు గదిలో చెమట తుడుచుకుంటుండగా, తరగతిలోకి పరుగెత్తి గోడ అల్మరాలో దూరింది. సుద్దముక్కలు, రంగు సీసాలు, వెనకాల నిలువునా చుట్టి నిలబెట్టిన చాపలు, వాటి మధ్య ఆమె. దొరసాని ఒక్కతే చూసింది. సహాయక టీచరు ఆమె వైపు తిరిగి పెదవులమీద వేలుంచుకుని, తలుపు ఓరగా లాక్కుంది.

అంతలో తరగతి మాస్టారొచ్చారు. గదిలో ఏదీ తెరిచి ఉండటం ఆయనకు గిట్టదు. అలవాటు చొప్పున అల్మరా తలుపు మోకాలితో నెట్టి గొళ్ళెం పెట్టేశారు.

అధికారి దొరసాని ఎదుట కూర్చున్నాడు. "నీకేం కావాలమ్మా?" అని అడిగాడు.

దొరసాని ఆయన్ని తేరిపార చూసింది.

"ఆటలంటే ఇష్టమా? బొమ్మలా?"

ఆమె చెయ్యి మీటలవైపు కదలబోయి పలకకు తగిలింది. పలకమీది పెన్సిలు దొర్లింది, అంచున ఒక్క క్షణం ఆలోచించుకుని కింద పడింది.

ఆ చప్పుడు అల్మరాలో పిడుగై వినిపించింది. ఇచ్చిన మాట, మేడమ్ హితవు, అధికారి రాక అన్నీ గాలికి పోయి, ఆమె తలుపును భుజంతో గుద్దింది. తలుపు రాలేదు. మళ్ళీ గుద్దింది. అల్మరా తలుపు పూనకం వచ్చినట్టు ఊగింది, లోపల సీసాలు గలగలమన్నాయి.

"ఎలకలండీ" అన్నారు మాస్టారు చెమటలు కక్కుతూ.

దొరసాని ముఖం మెల్లగా విప్పారింది. చెయ్యి లేచింది, తడబడింది, దారి తప్పింది, తిరిగొచ్చి ఒక మీట మీద వాలింది.

"నవ్వొస్తోంది" అంది పెట్టె.

అధికారి ఉలిక్కిపడ్డాడు. మరో మీట, మరో మీట.

"అక్క. లోపల. బయటికి. కావాలి."

"ఈ గొంతు గేటు దగ్గర విన్నదే!" అధికారి లేచి నిలబడ్డాడు. "మోసం! ఆవిడే లోపల నక్కి మాట్లాడుతోంది!"

"అయ్యో, నేను కాదండీ బాబూ!" అంది అల్మరా, అచ్చం పెట్టె గొంతుతోనే.

తరగతి తరగతంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో బల్లకింద పడి దొర్లారు. నవ్వకూడదని మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు, ఆయన భుజాలు మాత్రం దాచిపెట్టలేకపోయాయి. అధికారి పెట్టెనూ అల్మరానూ మార్చి మార్చి చూసి, చివరికి దొరసాని వైపు వంగాడు.

"చెప్పమ్మా, నువ్వే చెప్పు. గొళ్ళెం తీయమంటావా?"

దొరసాని అల్మరాకేసి చూసింది. ఎన్నాళ్ళనుంచో ముందే తీరిపోతూ వచ్చిన కోరికలన్నీ ఆమె కళ్ళలో బారులు తీరినట్టున్నాయి. తొందరేం లేదన్నట్టు చెయ్యి ఎత్తింది.

"మంచినీళ్ళు" అంది పెట్టె.

"ముందు నన్ను తియ్యండర్రా!" అని అదే క్షణాన అల్మరా అరిచింది.

అధికారి చేతులు జోడించాడు. "ఒప్పుకున్నాను మాస్టారూ. లోపలున్న మనిషే చెప్పిస్తుంటే తన గొళ్ళెం తీయకముందు నీళ్ళెందుకు అడిగిస్తుంది? ఈ మాట ఈ పిల్లదే, నూటికి నూరుపాళ్ళూ." తానే సీసా తెచ్చి పట్టాడు. దొరసాని గుటకగుటకకూ రుచి చూస్తూ, అల్మరా ఎంత గొణిగినా తొందరపడక తాగింది. ఆ పైనే "అక్క" మీట నొక్కి గొళ్ళెం తీయించింది. ప్రక్కబల్ల పిల్ల ఎవరూ చెప్పకుండానే పెన్సిలు తీసి పలకమీద పెట్టింది.

దొరసాని పై తరగతికి వెళ్ళింది. ఆమెకిక నీడలా ఒక మనిషి అక్కర్లేదన్నారు. సహాయక టీచరును పక్కగదిలో కొత్తగా చేరిన పిల్లవాడికి ఇచ్చారు. వీడ్కోలునాడు ఆమె కన్నీళ్ళకు ఆ చిన్న గది చాలలేదు. తన చెర గురించి, ఆ చీకటి గురించి, అందులో తాను పొందిన జ్ఞానం గురించి వినేవారున్నంతసేపూ చెప్పింది.

కొత్తగదిలో మొదటిరోజు సుద్దముక్క కోసం గోడలో ఉన్న తలుపు తెరిచింది. ఎదురుగా చుట్టి నిలబెట్టిన చాపలు, వాటి సందులోంచి రంగు సీసాలు, ఆ వెనక తనకు బాగా తెలిసిన తలుపు.

అల్మరా రెండు గదులకూ ఒకటే. ఈ వైపు తలుపుకు అసలు గొళ్ళెమే లేదు.