మూఢంలో పట్టుకున్న తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర. ఇంత ఆకారం ఉన్నా ఇంతవరకు ఒక్క తాళమూ తీయలేదు. నన్ను చేసింది అందుకు కాదు. ఫొటో దిగేటప్పుడు మనుషుల చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకు చేశారు.

నన్ను కోసినవాడు హనుమకొండ బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే యాకూబ్. తేలికపాటి అట్ట మీద పెన్సిలుతో గీసి, కత్తితో కోసి, బంగారు రంగు స్టిక్కరు అంటించాడు. ఐదు పళ్లు పెట్టాల్సి ఉండగా అట్ట చాలక మూడింటితో సరిపెట్టాడు. కొనుక్కున్నాయన లెక్కపెట్టలేదు. ఆ తర్వాత నన్ను పట్టుకున్న వందలమందిలో కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. ఫొటోలో తమ ముఖం ఎలా వచ్చిందన్నదే వాళ్ల ధ్యాస.

నా మొదటి యజమాని ఫ్లాట్లు కట్టి అమ్మే పెద్దమనిషి. నా మీద 'గృహప్రవేశ శుభాకాంక్షలు' అని రాయించాడు. నన్ను చేతికిచ్చి పదకొండు కుటుంబాలకు ఇళ్లు అప్పజెప్పాడు. పన్నెండో కుటుంబం దగ్గర డబ్బు తీసుకుని, ఇల్లు మాత్రం కట్టకుండా, ఆఫీసునూ నన్నూ వదిలేసి ఎటో వెళ్లిపోయాడు. ఆ ఆఫీసును అద్దెకు తీసుకున్న కార్ల షోరూమువాళ్లకు నేను కుర్చీలతోపాటు దక్కాను. వాళ్లు పాత అక్షరాల మీద కొత్త స్టిక్కరు వేశారు. కొన్నేళ్లకు కరెంటు కార్లు వచ్చాయి. అప్పుడు దాని మీద మళ్లీ ఆకుపచ్చ స్టిక్కరు వేసి 'పొగలేని ప్రయాణం' అని రాశారు. పొగ కార్లకూ నన్నే ఇచ్చారు, పొగలేని కార్లకూ నన్నే ఇచ్చారు. నాకు పట్టింపు లేదు.

కరెంటు కార్లు వచ్చాక షోరూములో కారు గురించి మాటలు తగ్గి, తగ్గింపుల గురించి మాటలు పెరిగాయి. ప్రభుత్వం రోడ్డు ట్యాక్సు తీసేస్తుంది, కానీ ఫలానా తేదీలోపు రిజిస్ట్రేషన్ కావాలి. కంపెనీ కొంత తగ్గిస్తుంది, కానీ నెలాఖరులోపు కారు అప్పజెప్పాలి. పాత కారు ఇస్తే ఇంకొంత. ఆడవాళ్ల పేరు మీద కొంటే బ్యాంకువాళ్లు వడ్డీలో పావు శాతం వదులుకుంటారు. వీటన్నింటినీ గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగే అమ్మాయి స్వర్ణ. ఆమె బల్ల పక్కన గోడకు ఆనుకుని నేనుండేవాణ్ణి. లక్షన్నర తగ్గిందని విని కూడా, లేవబోతూ ఆగి, "కింద పరిచే మ్యాట్లు ఫ్రీయేనా అమ్మా?" అని అడగని మనిషిని నేను చూడలేదు. ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు కారును లీజుకు తీసుకున్నాడు. నెలనెలా కట్టి మూడేళ్లకు తిరిగి ఇచ్చేయాలి. ఆ కారుకూ కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, నన్ను పట్టుకుని ఫొటో దిగాడు. తనది కాని కారుకు అంత దిష్టి తీసినవాణ్ణి చూసి ముచ్చటేసింది.

నాకు విశ్రాంతి దొరికేది మూఢంలోనే. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరికి పోయి కనబడకుండా పోయే ఆ రోజుల్లో మావాళ్లు కొత్త వస్తువు ఇంటికి తెచ్చుకోరు. నెలాఖరు మూఢంలో పడితే షోరూముకు ప్రాణసంకటం. తగ్గింపు అయిపోతుంది, జనం రారు. దానికి మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. నెలాఖరులోపు నన్ను పట్టుకుని ఫొటో దిగితే చాలు, కంపెనీకి కారు అప్పజెప్పినట్టే లెక్క. అసలు తాళంచెవి మంచిరోజు చూసి తీసుకోవచ్చు. అట్టకు దోషం ఉండదని ఒక పంతులుగారితో ఫోన్లో చెప్పించేవాడు కూడా. చాలామంది ఒప్పుకునేవారు. గ్రహాలకు అసలు తాళంచెవి, కంపెనీకి నేను. ఎవరికివ్వాల్సింది వాళ్లకిచ్చి మధ్యలో తగ్గింపు పుచ్చుకునేవారు.

ఒప్పుకోని మనిషి సారమ్మ.

ఆమె భర్త సమ్మయ్య కిరాయి కారు నడుపుతాడు. కిడ్నీ జబ్బువాళ్లను ఊళ్ల నుంచి ఆసుపత్రికి తీసుకొచ్చి, రక్తం శుభ్రం చేయించుకున్నాక తిరిగి ఇళ్ల దగ్గర దించుతాడు. పదమూడేళ్ల పాత డీజిల్ కారు. వచ్చే కిరాయిలో సగం డీజిలే తాగేస్తోంది. అందుకని కరెంటు కారు బుక్ చేశారు. వడ్డీ తగ్గుతుందని సారమ్మ పేరు మీద, సారమ్మ ఫోన్ నంబరుతో. కాగితాలన్నింటి మీద ఆమె మూఢం రాకముందే సంతకాలు పెట్టేసింది. కారు మాత్రం ఆలస్యంగా, మూఢం మొదలయ్యాక వచ్చింది. రిజిస్ట్రేషనుకు ఆమె అడ్డు చెప్పలేదు, అది కాయితం పని అంది. ట్యాక్సు మినహాయింపు దక్కింది. మిగిలింది కంపెనీ ఇచ్చే నలభై అయిదు వేలు. అది లేకపోతే మొదట కట్టాల్సిన డబ్బుకు అంత మేర తక్కువ పడుతుంది. సమ్మయ్య అప్పటికే తెలిసిన చోటల్లా అడిగి అలిసిపోయాడు.

స్వర్ణ నన్ను ఆమె ముందుకు తెచ్చింది. సారమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్ట. అట్టయినా ముట్ట. ఎనిమిదో తారీఖు దాంక మూఢమున్నది."

"అక్కా, నలభై అయిదు వేలక్కా. ఒక్క ఫొటోనే కదా," అంది స్వర్ణ.

"పోతే పోనీ బిడ్డా. పైసలు తగ్గుతున్నయని ఒకసారి ఎగబడ్డ. పాత కారు కొన్ననాడు గూడ మూఢమే. మూఢంల ఎవరు కొంటలేరని పన్నెండు వేలు తగ్గించిన్రు. మా ఆయన వద్దన్నా నేనే పట్టువట్టిన. మూడో దినమే జనగామ దగ్గర బండి కల్వర్టుకు గుద్దింది. ముందట కూసున్న మా తమ్ముడు రవీందర్ పాణం పోయింది. పన్నెండు వేలకు తమ్ముణ్ణి అమ్ముకున్న బిడ్డా నేను."

స్వర్ణ నన్ను తీసి గోడకు ఆనించింది. సమ్మయ్య నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ పాత కారును బాగు చేయించి పదమూడేళ్లు నడిపినా, సారమ్మ దాని ముందు సీట్లో ఎన్నడూ కూర్చోలేదని ఆ రోజే విన్నాను.

నెలలో చివరి రోజు మధ్యాహ్నం సమ్మయ్య ఒక్కడే వచ్చాడు. కొన్నవాళ్లు కాకపోయినా ఇంట్లోవాళ్లు ఎవరైనా సరేనన్నది నిబంధన. నన్ను రెండు చేతులతో పట్టుకున్నాడు. భయపడుతూ పట్టుకునేవాళ్ల చేతులు నాకు తెలుసు, వేళ్లు చెమ్మగా ఉంటాయి. ఆయన వేళ్లు పొడిగా ఉన్నాయి. "నవ్వన్నా," అంది స్వర్ణ. నవ్వాడు. తగ్గింపు దక్కింది.

ఆయన మరచిపోయింది ఒక్కటే. వడ్డీ తగ్గడానికి ఇచ్చిన ఫోన్ నంబరు సారమ్మది. కారు అప్పజెప్పిన ఫొటో కంప్యూటర్లోకి ఎక్కగానే ఆ నంబరుకు శుభాకాంక్షలు పంపడం కంపెనీ ఆచారం. ఆ సాయంత్రం సారమ్మ ఫోన్లో పూలూ, బెలూన్లూ, నేనూ, నవ్వుతున్న ఆమె మొగుడూ ప్రత్యక్షమయ్యాం. కింద తేదీ కూడా వేశారు.

మర్నాడు షోరూము తలుపులు తీయగానే ఆమె బస్సు దిగి వచ్చింది. ఫోను స్వర్ణ ముందు పెట్టింది.

"ఈ నలభై అయిదు వేలు మాకద్దు. వాపస్ తీస్కోండ్రి."

స్వర్ణ కంప్యూటరులో వెతికింది. మేనేజరు వచ్చి వెతికాడు. తగ్గింపు ఇవ్వడానికి ఏడెనిమిది దారులున్నాయి గానీ, వద్దన్నవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడానికి దారి లేదట. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట. చివరికి స్వర్ణ సమ్మయ్యకు ఫోన్ చేసింది. ఎలాగూ పాత కారును తుక్కు కింద అప్పగించాల్సిన రోజే కావడంతో ఆయన ఆ కారులోనే వచ్చాడు.

సారమ్మ గట్టిగా అరవలేదు. "నాకు చెప్పకుంట వచ్చినవ్, అది గూడ పోనియ్యి. ఒక్క మాట చెప్పు. మన ఇంట్ల అంత జరిగినంక, మల్ల మూఢంల ఆ తాళం పట్టుకొని ఎట్ల నవ్వినవ్? నీకు భయం కాలేదా?"

స్వర్ణ లేచి వెళ్లబోతే సమ్మయ్య ఆపి, "ఉండు బిడ్డా, నువ్వు గూడ విను," అన్నాడు.

"మూఢం కాదు సారమ్మా. బర్రె అడ్డమొచ్చిందని చెప్పిన, అది గూడ అబద్ధమే. కొత్త బండి గదా అని మూడు దినాలు కిరాయిల మీద కిరాయిలు కొట్టిన. ఎయిర్‌పోర్టుల దించి వస్తుంటే తెల్లారగట్ల నిద్రవట్టింది. రవీందర్ 'బావా' అన్నడు. కండ్లు తెరిసే సరికి కల్వర్టు ముందటున్నది. అందరు మూఢం అన్నరు. నువ్వు గూడ పైసల కాశపడి కొనిపిచ్చిన అని ఏడుస్తుంటివి. నేను ఊకున్న. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట ఊకున్న."

సారమ్మ అటూ ఇటూ చూసింది. చేతికందింది నేనే. మూఢం పోయేదాకా అట్టనైనా ముట్టనన్న మనిషి నన్ను మెడ దగ్గర పట్టుకుని ఎత్తి ఆయన భుజం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. "పదమూడేండ్లు! పదమూడేండ్లు నా నెత్తి మీద వెట్టినవ్!" అంటూ నేను మధ్యకు విరిగేదాకా కొట్టింది. ఆయన చేయి అడ్డుపెట్టుకోలేదు. నాకు నొప్పి ఉండదు. కానీ అన్నేళ్లలో నన్ను నిజంగా ఏదైనా పనికి వాడింది ఆమె ఒక్కతే.

ఆమె నన్ను కింద పడేసి, బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

విరిగిన తాళంచెవి షోరూముకు అపశకునం. మేనేజరు యాకూబ్‌కు ఫోన్ చేసి కొత్తది చేయమన్నాడు. నన్ను వాచ్‌మన్ తీసుకెళ్లి, పెరట్లో తుక్కు లారీ కోసం ఎదురుచూస్తున్న సమ్మయ్య పాత కారులో, ఎడమ వైపు ముందు సీట్లో పడేశాడు. అక్కడి నుంచి షోరూము ముంగిలీ, గేటూ, ఆ అవతలి రోడ్డూ కనిపిస్తాయి, మాటలూ వినిపిస్తాయి. మడత దగ్గర చీలి, పొరలు లేచి, అడుగున ఉన్న 'గృహప్రవేశ శుభాకాంక్షలు' మళ్లీ బయటపడింది. ఆ సీటు కవరు మిగతావాటికంటే కొత్తగా ఉంది. ఎందుకు మార్పించారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎనిమిది రోజులు కొత్త కారు షోరూము ముందు ఉతికిన దుప్పటి కప్పుకుని నిలబడింది. సారమ్మ వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఆమె రాకపోతే ఆ కారు కదలదు, అది ఆమె పేరు మీదుంది. స్వర్ణ రోజూ ఒకసారి ఫోను తీసి, ఆ నంబరు చూసి, మళ్లీ బల్ల మీద పెట్టేసేదని వాచ్‌మన్ ఎవరితోనో అంటుంటే విన్నాను.

తొమ్మిదో తేదీ ఉదయం ఇద్దరూ వచ్చారు. సమ్మయ్య రెండడుగులు వెనక నడుస్తున్నాడు. ముఖం పీక్కుపోయింది. పంతులుగారు మంత్రం చదివారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. స్వర్ణ యాకూబ్ చేసిన కొత్త తాళంచెవిని పట్టుకుని వచ్చింది. దానికి అయిదు పళ్లూ ఉన్నాయి. సారమ్మ దాన్ని చూసి తల అడ్డంగా ఊపి, అసలు తాళంచెవి ఇమ్మంది. అది అగ్గిపెట్టెంత నల్లటి ముక్క. నా పోలిక ఒక్కటీ లేదు.

దాన్ని కొంగున ముడేసుకుని, కొత్త కారు దగ్గరికి కాకుండా ఆమె నేరుగా పెరట్లోకి వచ్చింది. పాత కారు ఎడమ తలుపు తీసింది. సీట్లో నేనున్నాను. నన్ను పక్కకు తోసేస్తుందనుకున్నాను. ఎత్తి పట్టుకుని, ఆ సీట్లో కూర్చుని, నన్ను ఒళ్లో పెట్టుకుంది. నా మీది అక్షరాల్లో దేన్నీ ఆమె చదవలేదు. ముందు అద్దంలోంచి ఎటో చూస్తూ, "తమ్మీ," అంది. అంతే అంది. ఆ తర్వాత ఏడ్చింది. ఇంతకాలం నా చుట్టూ జనం నవ్వడమే చూశాను. ఆ రోజు ఎవరూ ఫొటో తీయలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, నన్ను తిరిగి సీట్లో పెట్టి, తలుపు మెల్లగా వేసింది. సమ్మయ్య కొత్త కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"నడుపు. నేను ముందట్నే కూసుంట. ఇంకెప్పుడన్న కన్ను మూతవడ్డదో, ఈసారి అట్టతోని కొట్ట."

ఆయన తలూపాడు. ముందు తలుపు తీయబోతే ఆమె ఆపి, తనే తీసుకుని కూర్చుంది. చప్పుడేమీ లేకుండా కారు గేటు దాటింది. మూల మలుపు దగ్గర ఆయన బ్రేకు వేసి, ఇటూ అటూ ఒకటికి రెండుసార్లు చూసుకుని, అప్పుడు రోడ్డెక్కాడు.

తుక్కు లారీ రేపు వస్తుందట. ఈ కారు ఇనుము ధర కాగితం మీద రాసుకున్నారు. నన్ను అందులో కలపలేదు.