గెడ్డ గట్టున రేకుబోర్డు

నేను ఒక రేకుబోర్డును. పార్వతీపురంలో ఒక పెయింటరు నా నీలం ఒంటి మీద ‘వంతెన పనులు జరుగుచున్నవి. అసౌకర్యమునకు చింతిస్తున్నాము’ అని తెల్లటి అక్షరాలతో రాసి, ఎండలో ఆరబెట్టి పంపాడు. ఆ రెండు వాక్యాల్లో ఒక్కటీ నిజం కాదని అప్పుడు నాకు తెలియదు. గెడ్డ గట్టున నన్ను పాతాక ఆరేళ్లపాటు పనులు జరగలేదు, ఎవరూ చింతించనూ లేదు.

ఆ ఆరేళ్లలో ముగ్గురు ఇంజినీర్లు మారారు. వచ్చిన ప్రతి ఆయనా ముందు నాకు కొత్త రంగు వేయించి, తర్వాత ఒక కొబ్బరికాయ కొట్టేవాడు. ఊరివాళ్లు కొబ్బరిముక్క తిని ఇంటికి పోయేవారు. గెడ్డలో స్తంభాలు మాత్రం నేను రాకముందు ఎంత లేచాయో అంతే ఉన్నాయి. వాన పడితే అవతలి ఊరు అవతలే. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద మోసుకుని నడుము లోతు నీళ్లలో దాటించడం నేను రెండుసార్లు చూశాను. అప్పుడు కూడా నా మీద పనులు జరుగుతూనే ఉన్నాయి.

అవతలి గట్టున వంతెన దిగే చోటు ఎర్నమ్మ అనే రైతుది. ఆమె ఒప్పుకోనిదే వంతెన పూర్తి కాదు. మొదటి ఇంజినీరు పంట కోసుకున్నాకే చేలోకి వస్తామని మాటిచ్చి, కోతకు వారం ముందే యంత్రం దింపాడు. ఆనాడే ఎర్నమ్మ కంచె వేసింది. ఆరేళ్లు గడిచాక, ఈ ఎండాకాలం దాటితే వంతెన మంజూరే రద్దవుతుందన్నారు.

అప్పుడు నాలుగో ఇంజినీరుగా రెహానా వచ్చింది. చేతిలో కొబ్బరికాయ లేదు.

“కాయే తేనేదు, ఈయమ్మ ఒంతెనేటి కడతాది?” అని పక్కనే టీ కొట్టు నడిపే గురువులు నవ్వాడు.

ఆమె నాకు నల్లరంగు వేయించి, సుద్దముక్కతో రాసింది: ‘ఈ రోజు పని జరగలేదు. సిమెంటు రాలేదు.’ నడివీధిలో నా పంచె ఊడినంత పనయింది. మర్నాడు ‘రేపు రెండు లారీల కంకర వస్తుంది’ అని రాసింది. ఒకటే వస్తే ఒకటే వచ్చిందని రాసింది. గురువులు రోజూ పైకి చదివేవాడు. రేపు ఏం రాస్తుందోనని కొట్టు దగ్గర టీ పందేలు కూడా మొదలయ్యాయి. ఎర్నమ్మ కంచె మాత్రం కదల్లేదు.

ఒక మధ్యాహ్నం పొక్లెయిను వెనక్కి తిరుగుతూ ఆ కంచె విరగ్గొట్టి, ఆనపపాదు తొక్కేసింది. ఎర్నమ్మ సంతకు వెళ్లి ఉంది.

“ఎవులూ సూడనేదమ్మా. ఆవులు దూరాయనీసుకుంతారు,” అన్నాడు డ్రైవరు.

రెహానా సుద్దముక్క పట్టుకుని నా ముందు నిలబడింది. పాతవాసన పోక నేను కూడా వద్దు తల్లీ అనుకున్నాను. ఆమె రాసేసింది: ‘మా యంత్రం ఎర్నమ్మ గారి కంచె విరిచి, పాదు తొక్కింది. తప్పు మాది. రేపు సాయంత్రంలోగా కంచె కడతాం.’

ఎర్నమ్మ సంత నుంచి వస్తూ గురువులు చేత దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

“నానింకా ఇంటికే ఎల్లనేదు. ముందుగాల నువ్వే సెప్పీసినావేటి, ఇంజినీరమ్మా?”

“తప్పు మాదేనమ్మా,” అంది రెహానా.

మర్నాడు మధ్యాహ్నానికే కంచె లేచింది. ఆ మర్నాడు పొద్దున్నే ఎర్నమ్మ గెడ్డ దాటి వచ్చింది.

“కాయితం తే, ఏలిముద్రేత్తాను. కోతయినాకే దిగాల. ఆ మాట బోర్డు మీద రాసీ.”

రాశారు. కోత అయ్యాకే దిగారు. నా జీవితంలో అంత గర్వం మళ్లీ కలగలేదు.

వానలకు ముందే వంతెన పూర్తయింది. ప్రారంభోత్సవం నాటికి రెహానాకు బదిలీ అయిపోయింది. శిలాఫలకం మీద పదకొండు పేర్లున్నాయి, ఆమెది లేదు. నన్ను పీకి పాతసామాన్ల ఆటోలో పడేశారు. ఆటో వంతెన దిగగానే ఎర్నమ్మ అడ్డం నిలబడింది.

“దించీ దాన్ని.”

“పాత రేకమ్మా, ఏటి సేసుకుంతావు?”

“రేపు రోడ్డేత్తామని ఇంకొకడొత్తాడు. ఆడి మాట ఆడి సేత్తోనే రాయించాల.”

ఇప్పుడు ఆమె ఇంటి గోడకు ఉన్నాను. మొన్న రోడ్డు ఇంజినీరు వచ్చి తీయగా చాలాసేపు మాట్లాడాడు. ఎర్నమ్మ అంతా విని, సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన నా వైపు చూస్తూ నిలబడ్డాడు, నిలబడ్డాడు, రేపొస్తానని వెళ్లిపోయాడు.