యల్మార్ ఆగిన చోటు

స్పీడ్ స్కేటింగ్ పందెం వ్యాసంలో మూడో పేరా దిద్ది భద్రపరచగానే మా ముందుగది గడ్డకడుతుంది. రాజమండ్రిలో ఎండ మాడ్చేస్తోంది, వీధిలో కుక్కలు కూడా తిరగడం లేదు. మా గదిలో మాత్రం గోడ నుంచి గోడదాకా మంచు. గది కూడా సాగి, అటువైపు గోడ కనిపించనంత దూరం పోయింది. మంచిదే అనుకుంటాను. వ్యాసం మరీ పొట్టిగా ఉందని ఇన్నాళ్ళూ అందరూ నా ప్రాణం తీశారు.

మాణిక్యక్క వంటింటి గుమ్మంలోంచి తొంగి చూస్తుంది.

"ఏరా, ఇదంతా నీ కంప్యూటర్లోంచేనా?"

"అవునక్కా."

"మరి కరిగితే ఎవరు తుడుస్తారు?"

గుమ్మం దగ్గర ఒక పాత దుప్పటి పరుస్తాను.

నేను తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు దిద్దుతాను. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి. ఈ పందెం ఎక్కడో ఉత్తరాన, గడ్డకట్టిన చెరువు మీద, మా తాతలు పుట్టకముందు జరిగింది. పాదాల కింద ఇనప అంచులు కట్టుకుని, మంచు మీద జారుతూ ఇద్దరిద్దరుగా పరుగెడతారు. ఒకరిది లోపలి దారి, ఒకరిది బయటి దారి. ప్రతి చుట్టులోనూ ఒకచోట దారులు మార్చుకోవాలి. అక్కడ ఇద్దరూ ఒకేసారి ఎదురైతే, లోపలివాడు తగ్గి బయటివాడిని ముందు పోనివ్వాలి. మా ఊరి కోటగుమ్మం సెంటర్లో ఈ నియమం పెడితే ఒక్కడూ ఇంటికి చేరడు.

ఆ దారులు మారే చోట, మా సోఫాకి కాస్త అవతల, ఒకతను నడుం వంచి నిలబడి ఉన్నాడు. యల్మార్. "యల్మార్ పందెం పూర్తి చేయలేదు" అని వ్యాసంలో ఉన్నది ఇతని గురించే. వ్యాసం తెలుగులో ఉంది కాబట్టి తెలుగే మాట్లాడతాడు, అదీ నేను రాసిన తెలుగు.

"నేను విరమించియుండలేదు," అంటాడు. "ప్రతిస్పర్ధికి మార్గము నొసగుచున్నాను. అతడింకను రాలేదు."

నాకు సిగ్గేస్తుంది. ఛీ, ఇలా రాశానా నేను?

ఆ ప్రతిస్పర్ధి గురించి ఒకప్పుడు ఒక్క వాక్యం ఉండేది. పేరు లేదు, ఊరు లేదు, మూలం లేదు. సమీక్షలు చూసే గవర్రాజుగారు ఎప్పుడో తీసేశారు. వాక్యంతోపాటు మనిషీ పోయాడు. పాపం యల్మార్, రానివాడికి దారి ఇస్తూ అలాగే ఉండిపోయాడు.

ముగింపు గీత అవతల ఒకావిడ అతని జోళ్ళు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అతని భార్య. యల్మార్ వ్యాసంలో ఉన్నాడు కాబట్టి అతనికి వయసు రాదు. ఆవిడ అందులో లేదు, ఆవిడకి వస్తుంది. నేను ఒక కామా తీసి తల ఎత్తితే ఆవిడ జుట్టు నెరిసింది. తేదీ సరిచేసి చూస్తే వీపు వంగింది. ఇంకాస్త దిద్దానంటే ఆవిడ దక్కదు. చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

"మీ ఆవిడ పేరేంటండీ?"

"మూలములయందు లభ్యము కాదు," అంటాడు యల్మార్. ఆ మాట అంటూ ఆవిడ వైపు చూడడు.

గవర్రాజుగారు మంచు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని వ్యాసం చదువుతున్నారు.

"ఆ వాక్యం మళ్ళీ పెట్టేద్దామండీ," అంటాను. "అవతలి మనిషి వస్తేగానీ ఇతను కదలడు. వాళ్ళావిడ చూస్తే అలా ఉంది."

"మూలం ఏదండీ?"

"అతనే చెబుతున్నాడు కదండీ, ఎదురుగుండా నిలబడి!"

"ఆయన గురించి ఆయనే చెప్పుకుంటే ఎలా చెల్లుతుందండీ?"

"పోనీ, నేను కళ్ళారా చూస్తున్నాను."

"మీ కళ్ళు ఏ పుస్తకంలో అచ్చయ్యాయండీ?"

నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయన చెడ్డవారేం కాదు. ఆయన చెంప మీద కూడా నీటిచుక్క గడ్డకట్టి ఉంది. దాన్ని గోటితో గీకి, రెండో పుట తిప్పుతారు.

దొంగ మూలం ఒకటి పుట్టించొచ్చు. పాత పుస్తకం పేరు, ఏదో పుట సంఖ్య. ఎవడు చూడొచ్చాడు! కానీ చేతులు రావు. అలాంటివాళ్ళని నేనే బోలెడుమందిని పట్టుకుని దులిపేశాను. అందుకని, "బయటి దారిలో మరొకరు పరుగెత్తారు" అని మాత్రం రాస్తాను. అబద్ధం కాకుండా ఉండాలంటే ఎవరో ఒకరు పరుగెత్తాలి. లుంగీ ఎగ్గడతాను. చూస్తే పాదాల కింద ఇనప అంచులు ఉన్నాయి.

"అన్నం వేళకి ఎక్కడికిరా?" అంటుంది అక్క.

"ఒక్క చుట్టు తిరిగొచ్చేస్తానక్కా."

"చల్లారిపోద్ది మరి, నీ ఇష్టం."

చెప్పొద్దూ, భయంగానే ఉంది. బీరువా పక్కనుంచి, మంచం చుట్టూ తిరిగి, బయటి దారిలోంచి లోపలికి దూసుకొస్తాను. యల్మార్ నన్ను చూసి ఒక్క క్షణం తగ్గుతాడు. నేను అతని ముందునుంచి దాటిపోతాను. అతని భుజం నా భుజానికి రాసుకుంటుంది.

"వెళ్ళొస్తానండీ," అంటాడు, అచ్చం మా వీధిలో మనిషిలా.

ఇక ఆగడు. నన్ను మించిపోయి గీత దాటుతూండగా రావలసిన వయసంతా ఒక్కసారి వచ్చి మీద పడుతుంది. జుట్టు తెల్లబడుతుంది, మోకాళ్ళు వంగుతాయి. ముసలావిడ జోళ్ళు కింద పడేసి అతని వీపు మీద ఒక్క చరుపు చరుస్తుంది, ఆ తర్వాత పట్టుకుని భోరుమంటుంది. నాకూ దుఃఖం ఆగదు. వాళ్ళని చూస్తూ గీతకి ఇవతలే నిలబడిపోతాను.

గవర్రాజుగారు కుర్చీలోంచి లేస్తారు. యల్మార్ జోలికి పోరు. గీత మీద అతని ఇనప అంచు గాటు పడింది, మూలంగా అది చాలంటారు. నా దగ్గరికొచ్చి కింద చూస్తారు. నా గాటు గీతదాకా రాలేదు.

"ఏమీ అనుకోకండేం," అని నా వాక్యం తీసేస్తారు. వాక్యంతోపాటు నేనూ పోతాను.

తీసేసిన వాక్యాలు ఎక్కడికీ పోవు, మంచు కిందే ఉంటాయి. నేను తలకిందులుగా, పాదాలు మంచుకి ఆనించి నిలబడి ఉన్నాను. ఇక్కడ చాలామందిమి. ఏదో సంస్థానంలో రెండో వంటవాడు, వంతెన కట్టిన మేస్త్రి, కవలల్లో ఒకామె. ఒక చిన్న ఉపనది కూడా ఉంది. అందరూ జరిగి నాకు చోటిస్తారు. ఎవరూ పేరు అడగరు.

పైన అక్క గరిటె పట్టుకుని నన్ను వెతుక్కుంటూ మంచు మీదికి వస్తుంది. నేను అరుస్తాను, అరుపు బుడగై మంచుకి అంటుకుంటుంది. ఆవిడ అరికాళ్ళు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి, మడమల పగుళ్ళతో సహా. అసలే మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆవిడ ఎక్కడ అడుగు వేస్తే అక్కడ, కిందనుంచి, నా పాదం ఆనిస్తాను.

"ఇంత నున్నగా ఉంది, ఒక్కసారీ జారలేదేంటో," అనుకుంటుంది అక్క. "ఒరేయ్, ఎక్కడున్నావురా?"

ఎడమ పాదం ఎత్తుతుంది. నేనూ ఎత్తుతాను.