రాని ఉత్తరం

మే తొమ్మిదిన కాలేజీకి దరఖాస్తు పంపాను. ఆ రోజు నుంచి మా వాకిట్లో పోస్టు డబ్బా మూత తీయాలంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. చేపల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు కత్తి పట్టినదాన్ని, ఒక రేకు డబ్బాకి భయపడ్డాను. నవ్వుతారా, నవ్వండి.

నా భయం మా అమ్మ చేతులతో మొదలైంది. అదే ఫ్యాక్టరీలో, అదే బల్ల దగ్గర చేపల తోలు తీసి తీసి, చివరికి కాఫీ కప్పు కూడా ఎత్తలేకపోయింది. పోయిన చలికాలం నుంచి నా కుడిచేతి మూడు వేళ్ళు తెల్లారేసరికి మొద్దుబారిపోతున్నాయి. కత్తి వదిలేస్తే చేయి దక్కుతుందన్నాడు డాక్టరు. వదిలి ఏం చేయను? అందుకే నర్సు చదువు.

దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో, అంటే మా అమెరికాలో రెండేళ్ళ చదువులుండే సర్కారు కాలేజీలో, ఆ చదువు లేదు. యాభై మైళ్ళ అవతల ఉన్న ఇంకోదాంట్లో ఉంది. దానికే రాశాను.

"నలభై నాలుగేళ్ళకి బడికా అక్కా? నిన్నెవరు తీసుకుంటారే?" అంది మా చెల్లెలు గ్లెండా, చేప ముక్క నములుతూ.

"నీ గొంతులో ముల్లు దిగ! బడి మధ్యలో మానేసిన పెద్దవాళ్ళకి పెట్టే పరీక్ష మొన్న పాసయ్యానుగా."

పైకి అలా అన్నానే గానీ లోపల నా భయమూ అదే. మా చర్చిలో ఎవరి పిల్లలకి యూనివర్సిటీలో సీటొచ్చినా పాస్టరుగారు ఆ ఉత్తరం చదివి వినిపిస్తారు. లావు కవరొస్తే సీటొచ్చినట్టు, పల్చటి కవరొస్తే రానట్టు. జూన్ పోయింది, జూలై పోయింది. నాకు పల్చటిది కూడా రాలేదు. కాదని చెప్పడానికి కూడా పనికిరానిదాన్నా అని ఏడ్చాను.

ఆగస్టులో, సోమవారం క్లాసులు మొదలవుతాయనగా, గురువారం పని మానేసి కారేసుకుని వెళ్ళాను. ఆ 'లేదు' అనేదేదో మొహం మీదే చెప్పించుకుందామని. కాలేజీ ముందు కారాపి ఇరవై నిమిషాలు దిగలేదు.

కౌంటరు దగ్గర మా గ్లెండా కూతురి వయసు పిల్ల. నా పేరు, వెర్నెల్, కంప్యూటర్లో కొట్టింది.

"నన్ను తిరగ్గొట్టేశారా అమ్మా?"

"ఎవరన్నారు మేడమ్? ఇది కమ్యూనిటీ కాలేజీ, చేరతామన్నవాళ్ళని ఎవర్నీ తిరగ్గొట్టం. మిమ్మల్ని మేలోనే చేర్చుకున్నాం. ఈమెయిల్ చూళ్ళేదా?"

"ఉత్తరం రాలేదు కదా..."

"ఉత్తరాలెక్కడివి మేడమ్!" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. "అయ్యో, క్లాసులు ఎంచుకోలేదా? నర్సింగుకి పోటీ ఉంటుంది. ముందు లెక్కల క్లాసు పాసైతేనే దానికి దరఖాస్తు పెట్టనిస్తారు. ఆ క్లాసు అందరూ జూన్‌లోనే పెట్టేసుకున్నారు."

తెరిచే ఉన్న తలుపు బయట మూడు నెలలు కూర్చున్నానన్నమాట, తెలివితక్కువదాన్ని!

"లెక్కల క్లాసులో ఒకే ఒక్క సీటుంది. సోమవారం నుంచి రోజూ పొద్దున ఏడింటికి."

ఫ్యాక్టరీలో నా పని మొదలయ్యేది ఆరింటికి. "సాయంత్రం లేదా?"

"నిండిపోయింది."

"మా సూపర్‌వైజర్ని అడిగి రేపు రానా?"

"రేపటిదాకా ఉంటుందని చెప్పలేను మేడమ్. ఇంట్లో కంప్యూటర్లోంచి ఎవరు నొక్కినా పోతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉద్యోగం పోతే తినేదేంటి? లెక్కల్లో తప్పితే? కౌంటరు మీద ఉన్న నా చేతిని చూసుకున్నాను. మూడు వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, అచ్చం అమ్మ వేళ్ళలా.

"నొక్కేయమ్మా, త్వరగా!" అని అరిచాను. వెనకున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

నొక్కింది. సీటు నాదైంది. "ఏదైనా కాగితం ఇవ్వమ్మా," అన్నాను. క్లాసు వేళలు అచ్చు తీసి ఇచ్చింది.

ఇంటికొచ్చి, లోపలికి వెళ్ళకుండా, ఆ కాగితాన్ని మడిచి పోస్టు డబ్బాలో పెట్టి మూత వేశాను. మళ్ళీ తీశాను. లోపల ఏముందో తెలిసి కూడా, మా పాస్టరుగారిలా గట్టిగా చదివాను.