గొర్ల బండికి తగిలించినవన్నీ

నకిరేకల్ బైపాస్ పక్కన వెల్డింగ్ షాపు నడిపే నాగేందర్‌కు ఒక రోగం ఉంది. ఎవరేం అడిగినా కాదనలేడు. ఆ రోగమే అతని రెండేళ్లను మింగేసింది.

మొదట అనుకున్నది చిన్న పనే. గొర్లకు నట్టల మందు పోయాలంటే ఒక్కోదాన్ని పట్టి, కాళ్ల మధ్య ఇరికించుకొని నోరు తెరవాలి. మంద మొత్తానికి పోసేసరికి కాపరి నడుం పడిపోతుంది. రెండు వైపులా ఇనుప కంచె, ముందొక తలుపు, కింద చక్రాలు ఉంటే గొర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి, మనిషి నిలబడే మందు పోసుకోవచ్చు. అంతే.

పశువుల డాక్టరు చూసి, బరువు తూచే పలక పెట్టమన్నాడు. పెట్టాడు. దానికి బ్యాటరీ కావలసి వచ్చింది. కాపరుల సంఘం వాళ్లు పిడుదుల మందు చల్లే ట్యాంకు, పైపు అడిగారు. ఆ నీళ్లకు పలక చెడింది. పలకను ఎత్తులో పెడితే గొర్లు ఎక్కడానికి వాలు చెక్క, బరువు పెరిగినందుకు పెద్ద చక్రాలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఒకటి బాగుచేస్తే రెండు పాడవుతున్నాయి. చివరికి హైదరాబాద్ నుంచి వచ్చిన సలహాదారొకాయన గొర్ల లెక్క చూపే తెర కూడా ఉండాలన్నాడు. వైరింగంతా చూసుకునే భార్య స్వర్ణ వద్దని చేతులు జోడించింది. అయినా తెర వచ్చింది.

రెండేళ్లుగా ఎటూ తేల్చని సంఘం పెద్ద కృష్ణయ్య పన్నెండు బండ్లు తీసుకుంటే షాపు నిలుస్తుంది, లేదంటే తాళమే. మనిషి లాగాల్సిన బండిని ట్రాక్టరుకు కట్టి ఆయన మంద దగ్గరికి తీసుకుపోయారు.

గొర్లు ఒక్కోటి దాటగానే తెర కూతపెట్టి ఎర్రటి అంకె చూపిస్తోంది. నలభై ఒకటి. నలభై రెండు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. కృష్ణయ్య గబగబా వచ్చి తన గొంగడి తీసి తెర మీద కప్పేశాడు.

"మందను గిట్ల నలుగురి ముంగట లెక్కవెడ్తరా? దిష్టి తగిలితే ఒక్కటి మిగలదు. నేనే ఎన్నడు నోరిడిచి లెక్క చెప్పలె."

నాగేందర్‌ది కమ్మరుల ఇల్లు. మంద ముచ్చట అతనికి తెలియదు, అడగాలని తోచనూ లేదు. అక్కడే కూలబడ్డాడు.

స్వర్ణే పానా అందుకుంది. "లే. అన్నీ ఇప్పుదాం," అంది.

తెర పోయింది. పలక తీస్తే బ్యాటరీ అక్కర్లేదు, వాలు చెక్కా అక్కర్లేదు. పైపు తీస్తే ట్యాంకు దిగిపోయింది. ఒకటి పీకితే మూడు వాటంతటవే ఊడుతున్నాయి. ఎండ నడినెత్తికొచ్చేసరికి రెండు కంచెలు, ఒక తలుపు, చక్రాలు మిగిలాయి. కృష్ణయ్య భార్య బిక్షమ్మ ఒంటి చేత్తో లాగి చూసింది. గొర్లు బుద్ధిగా వరుసకట్టాయి.

"మంచిగున్నది," అన్నాడు కృష్ణయ్య. "జర మీద రేకు కప్పు గూడ ఏస్తే, వానకు..."

అట్లనే మామా అనే మాట నాగేందర్ నాలుక చివరిదాకా వచ్చింది. పన్నెండు బండ్ల ఆశ అది. కష్టం మీద మింగాడు.

"ఎయ్య మామా. కప్పేస్తే గాలికి వొరుగుతది. వొరగకుంట బరువు పెట్టాలె. బరువు పెడితే అత్త గుంజలేదు. ఇష్టమైతే తీస్కో, లేకుంటె లేదు."

కృష్ణయ్య అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"రెండేండ్ల సంది నా మనసెందుకు ఒప్పలేదో ఎర్కేనా? ఎవ్వలేమన్నా తలూపినవ్. గసొంటోని ఇనుమునెట్ల నమ్ముడు? ఇగ పన్నెండు చెయ్యి. రేపు నేనే వచ్చి ఇంకేమన్నడిగినా నా మాట ఇనకు."

నాగేందర్‌కు సంతోషపడే ఓపిక కూడా లేదు. గొర్ల మధ్యనే ఆ మన్నులో కూర్చొని, చక్రానికి ఒరిగి కళ్లు మూసుకున్నాడు.