లైసెన్సులో రాయని టీ

ప్రభుత్వ పరిశోధనశాలలో ఒక అద్దాల బీరువా ఉంది. అక్కడ పుట్టిన కొత్త పరిజ్ఞానాలన్నీ పేపర్లో ఫొటో పడి, చప్పట్లు అయ్యాక, కొనే కంపెనీ దొరక్కపోతే వెళ్లి అందులో కూర్చుంటాయి. పింగాణీ విభాగం మేడం మట్టితో కనిపెట్టిన పంపు రింగు కూడా అక్కడికే పోవలసింది. అదృష్టం బాగుండి ఒక పంపుల ఫ్యాక్టరీ యజమాని లైసెన్సు తీసుకుంటానన్నాడు. కాకపోతే తన ఫ్యాక్టరీలో, తన మనుషుల చేత చేయించి చూపించాలన్నాడు.

చేయించింది. రింగులన్నీ కొలిమిలోంచి పగుళ్లతో వచ్చాయి. మళ్లీ చేయించింది, మళ్లీ పగిలాయి. మట్టి అదే, నీళ్ల కొలత అదే, మంట అదే. ల్యాబులో ఒక్కటంటే ఒక్కటి పగిలి ఎరగదు. మేడానికి తల ప్రాణం తోకకొచ్చింది. అక్కడ సర్కారు ఉద్యోగమని ధైర్యంగా ఉండి, ఇక్కడ భద్రత లేక పగులుతున్నాయేమోనని యజమాని నవ్వుతూ అడిగాడు. మూడో ప్రయత్నం చూడటానికి వచ్చిన ల్యాబు డైరెక్టరు మాత్రం నవ్వలేదు. ఈసారీ పగిలితే ఇక బీరువాయేనని దారిలోనే చెప్పేశారు.

ఆ ఫ్యాక్టరీలో పని చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త ఒళ్లూ మండుతుంది. యంత్రంలోంచి మట్టిముద్ద దిగీ దిగగానే ఒకరు అందుకుంటారు, ఇంకొకరు అచ్చులోకి నొక్కేస్తారు. ఊపిరి పీల్చుకునే సందుండదు. మేడం ముద్దను వేలితో నొక్కి చూసి, బాగానే ఉందనుకుని, అలవాటుగా వెనక్కి చెయ్యి పెట్టి ఏప్రాన్ ముడి విప్పింది.

విప్పి, అక్కడే ఆగిపోయింది. ఎందుకు విప్పినట్టు?

టీకి. ల్యాబులో ముద్ద కలపడం అయిందంటే టీ వేళే. తడిగుడ్డ కప్పేసి అందరూ క్యాంటీనుకు బయల్దేరేవారు. టీ తాగడానికి ఎంతసేపు పడుతుంది గనక! కానీ బదిలీల సంగతి, ప్రమోషన్ల సంగతి, పక్క విభాగం మీద చాడీలు అన్నీ అయ్యేసరికి ఎండ ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి జరిగేది. ఆలోగా ముద్దలో ఇరుక్కుని, కొలిమిలో రింగును పగలగొట్టే గాలంతా తనంతట తనే బయటికి పోయేది. తయారీ పద్ధతిలో అన్నీ రాసింది మహాతల్లి, ఇదొక్కటి తప్ప. రాస్తే మాత్రం ఏమని రాస్తుంది?

పైగా టీ పేరుతో కాలక్షేపం చేయొద్దని సర్క్యులర్ మీద సర్క్యులర్ పంపిన డైరెక్టరు ఎదురుగానే ఉన్నారు. మేడం కక్కలేక మింగలేక నిలబడింది. నిజంగానే భయమేసింది. ఈలోగా ముద్ద అచ్చు దాకా వచ్చేసింది.

"ఆపండి. దాన్ని తడిగుడ్డ కప్పి వదిలేయాలి," అంది.

"ఎంతసేపండీ?" అన్నాడు యజమాని.

"మా వాళ్లు టీ తాగి వచ్చేంతసేపు."

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేసింది. డైరెక్టరు మొహం ఎర్రబడింది. యజమాని మొహం పాలిపోయింది, ఆయన దగ్గర టీ అంటే మిషను పక్కన నిలబడి రెండు గుక్కలే. అయినా గుడ్డ కప్పారు. పనివాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. మేడం వాళ్ల మధ్యన కూర్చుని ల్యాబు చాడీలన్నీ చెప్పింది. పరిజ్ఞానం బదిలీ చేసినప్పుడు పూర్తిగా చేయాలి కదా మరి.

మర్నాడు కొలిమి తెరిస్తే ఒక్క రింగూ పగల్లేదు. మేడం ఒకటి అరచేతిలో పెట్టుకుని అందరి ముందూ ఏడ్చేసింది. సంతకాలయ్యాయి.

తిరుగు ప్రయాణంలో డైరెక్టరు, ల్యాబు గేటు కనపడుతుండగా గొంతు సవరించుకున్నారు.

"క్యాంటీనులో మీ బల్ల దగ్గర ఇంకో కుర్చీ పడుతుందామ్మా?"